టైలు పగలకుండా గేటు తెరుచుకొను విధానం

ఇళ్ళలో మోటారుతో నడిచే గేట్లకు కరెంటు ఎలా ఇవ్వాలో చెప్పే నిబంధనలు అమల్లోకి వచ్చిన వారంలోనే, వాటిని రాసిన ఆఫీసరుగారి సొంత గేటుకు బట్టలుతికే మిషను ప్లగ్గులోంచి కరెంటు వచ్చింది. ఈ రెండు సంఘటనలకూ సంబంధం ఉందని ఎవరూ అపార్థం చేసుకోరాదు. నిబంధనలు ప్రజల కోసం. గేటు ఇంటి కోసం.

ఆఫీసరుగారు విద్యుత్ భద్రతా శాఖలో పెద్ద పేరున్న మనిషి. ఆ శాఖలో ఏ వాక్యమైనా 'వలెను' అని ముగియాలంటే ముందు ఆయన బల్ల మీదికి రావాల్సిందే. గేటుకు మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను తీయవలెను. ఆ లైను గొట్టంలో, నేల కింద నుంచి పోవలెను. కరెంటు కాస్త పక్కదారి పట్టినా వెంటనే ఆపేసే బ్రేకరు పెట్టవలెను. ఎర్త్ తీగ కలపవలెను. గేటు మూసుకునేటప్పుడు మధ్యలో మనిషి ఉంటే కనిపెట్టి ఆపడానికి స్తంభాలకు చెరో పక్క సెన్సరు కన్ను అమర్చవలెను. ఆ నిబంధనల పుస్తకం ముందుమాటలో ఆయన స్వయంగా రాసిన వాక్యం ఇది: 'యంత్రమునకు జాలి లేదు, కనుక నిబంధనకును జాలి ఉండరాదు.' ఈ వాక్యం టైపు చేస్తున్నప్పుడు ఒళ్ళు గగుర్పొడిచిందని టైపిస్టు అందరికీ చెప్పుకుంది. డైరెక్టరుగారైతే దాన్ని పటం కట్టించి తన గదిలో పెట్టుకున్నారు.

ఇక గేటు సంగతి. అసలు దోషం ఎదురింటి కాంట్రాక్టరుది. ఆయన ఒకనాటి సాయంత్రం కారులో కూర్చునే ఏదో నొక్కాడు. గేటు తనంతట తానే పక్కకు జరిగింది. కారు లోపలికి వెళ్ళింది. గేటు మళ్ళీ తనంతట తానే మూసుకుంది. ఇంతే జరిగింది. కానీ వీధిలో ఆ సాయంత్రం చాలా ఇళ్ళలో సరిగ్గా భోజనాలు చెయ్యలేదు.

ఆఫీసరుగారి ఇంట్లో అప్పటిదాకా గేటు పని భార్యది. కారు ఆగగానే ఆవిడ దిగేది, గేటు తోసేది, కారు లోపలికి పోయాక మళ్ళీ మూసేది. పెళ్ళయిన నాటి నుంచీ ఈ పని గురించి ఒక్క మాట అనలేదు. కాంట్రాక్టరు నొక్కిన మర్నాడు మాత్రం కారు దిగలేదు. ఆఫీసరుగారూ దిగలేదు. ఇద్దరూ సొంత గేటు ముందు, కారు అద్దాలెత్తుకుని, కచేరీకి వచ్చినవాళ్ళలా కూర్చున్నారు. చివరికి లోపల్నించి ఆవిడ తల్లి, అంటే వాళ్ళతోనే ఉంటున్న అత్తగారు, మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి గేటు తీసింది.

"ఏమే, పోట్లాడుకున్నారా?" అంది కారు అద్దంలోకి తొంగిచూసి.

"లేదమ్మా. మోటారు పెట్టిస్తున్నారు," అంది కూతురు.

ఆ సంగతి ఆఫీసరుగారికి అప్పుడే తెలిసింది.

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. వీధిలో అందరూ అతన్ని 'కనెక్షన్' అంటారు. ఏ ఇంటి కరెంటు ఏ ఇంట్లోంచి వెళ్తుందో తెలిసిన మనిషి కావడంతో ఆ పేరొచ్చింది. అతను ఇల్లంతా చూసి, తల పంకించి, కాఫీలో పంచదార ఎంత అని అడిగినంత తేలిగ్గా అడిగాడు.

"సార్, రూల్ ప్రకారం వెయ్యమంటారా, మామూలుగా వెయ్యమంటారా?"

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా? ఆ రూల్సు రాసింది నేను."

"తెలుసు సార్. అందుకే అడిగా. తెలియనివాళ్ళకైతే అడక్కుండా మామూలుగానే వేసేస్తా."

"రూల్ ప్రకారమే వెయ్యి," అన్నారు ఆఫీసరుగారు. ఆ క్షణంలో ఆయన ముఖంలో వెలుగు చూసినవాళ్ళున్నారు.

కనెక్షన్ సంచిలోంచి సుత్తీ ఉలీ తీసి, వసారా మధ్యలో గొంతుక్కూర్చుని, ఒక టైలు మీద ఉలి ఆనించాడు.

"ఏం చేస్తున్నావ్?"

"పగలగొడుతున్నా సార్. మెయిన్ బోర్డు ఆ మూల, గేటు ఈ మూల. లైను నేల కిందే పోవాలన్నారుగా తమరు. ఇదిగో, ఇక్కణ్ణించి అక్కడిదాకా ఒక వరస లేపేస్తే సరిపోతుంది."

ఇక్కడ టైల్స్ గురించి నాలుగు మాటలు చెప్పకపోతే కథ అర్థం కాదు. అవి మామూలు టైల్స్ కావు. వాటి రంగు పసుపు కాదు, గోధుమ కాదు, ఆ రెంటి మధ్య ఎక్కడో, ఎండ పడితే ఒకలా నీడలో ఒకలా ఉంటుంది. ఆ రంగు కోసం భార్యాభర్తలు ఊళ్ళో కొట్లన్నీ తిరిగారు. ఆ తిరుగుడులో రెండుసార్లు మాట్లాడుకోవడం మానేశారు. చివరికి ఆవిడే ఎంచింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ చెప్పులు విప్పుతూ, "టైల్స్ ఎక్కడ కొన్నారు?" అని అడగడం ఆనవాయితీ అయింది. ఆ కంపెనీ తర్వాత ఆ రంగు చెయ్యడం మానేసింది. అంటే ఆ వసారాలో ఒక్క టైలు పగిలినా భూమ్మీద దానికి జత లేదు.

ఆఫీసరుగారు కళ్ళు మూసుకున్నారు. కొత్త చొక్కాకి వేరే గుడ్డతో మాసిక వేసినట్టు, మెయిన్ బోర్డు నుంచి గేటుదాకా, ఏటవాలుగా, వేరే రంగు టైల్స్ వరసొకటి కనిపించింది. వచ్చినవాళ్ళంతా దాన్నే చూస్తున్నట్టు కూడా కనిపించింది.

"వేరే దారి లేదా?" అన్నారు.

"ఎందుకు లేదు సార్? మామూలు దారి ఉంది," అన్నాడు కనెక్షన్, ఉలి సంచిలో పడేస్తూ.

మామూలు దారి చాలా అందమైనది. అది బట్టలుతికే మిషను వెనకున్న ప్లగ్గులో పుట్టి, కిటికీ సందులోంచి బయటపడి, బట్టలారేసే తీగను చుట్టుకుంటూ కొంత దూరం పోయి, గులాబీ మొక్కల పైనుంచి గోడెక్కి, గోడ మీద మేకు మేకుకీ కాసేపు ఆగుతూ గేటు మోటారు దగ్గరికి చేరింది. తీగ పొడవు చాలకపోతే అతుకులు పెట్టాడు. అతుకుల మీద నల్ల టేపు చుట్టాడు. టేపు అయిపోయిన చోట పాలిథిన్ కవరు చుట్టాడు. నిబంధనల పుస్తకంలో ఏ పేజీ తిప్పినా ఏదో ఒకటి చెయ్యరాదు అని ఉంటుంది కదా, వాటన్నిటినీ ఒకే తీగ మీద చూడగలగడం అరుదైన అవకాశం.

ఎర్త్ మాటేమిటని ఆఫీసరుగారు అడగకపోలేదు.

"స్తంభాలు భూమిలోనే పాతారు కదా సార్. ఇంక దానికి మళ్ళీ ఎర్త్ ఏమిటి?" అన్నాడు కనెక్షన్. ఆఫీసరుగారికి ఇందులో తప్పుందని తెలుసు. ఎర్త్ గురించి ఆయన పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది. కానీ ఆ అధ్యాయం నేల కింద నుంచి, అంటే టైల్స్ కింద నుంచి వస్తుంది. కనుక ఆయన గంభీరంగా, "హూఁ" అన్నారు. ప్రభుత్వ వ్యవహారాల్లో 'హూఁ' అంటే సమ్మతీ కాదు, అసమ్మతీ కాదు.

బ్రేకరు పెట్టారు. అది మాటిమాటికీ పడిపోయింది.

"దీనికి ఏదో జబ్బుంది సార్. ఊరికే పడిపోతోంది."

"కరెంటు ఎక్కడో కారుతుంటే పడిపోవడమే కదయ్యా దాని పని?"

"అదే సార్ దాని జబ్బు," అని బ్రేకరును తప్పించి తీగలు రెండూ నేరుగా కలిపేశాడు. ఆపైన ఒక్కసారీ పడిపోలేదు. వైద్యం ఫలించింది.

సెన్సరు కళ్ళ వ్యవహారం ఇంకా సున్నితమైనది. ఆ రెండు కళ్ళూ ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉండాలి. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే గేటు ఆగుతుంది. కానీ ఆ కళ్ళకు మనిషికీ ఆకుకీ తేడా తెలియలేదు. పిల్లి వెళ్తే ఆగేది. ఎగిరొచ్చిన కాగితానికి ఆగేది. కాంట్రాక్టరు తన వరండాలో కుర్చీ వేసుకుని చూస్తుండగా గేటు సగంలో ఆగి, వెనక్కి పోయి, మళ్ళీ వచ్చి, మళ్ళీ ఆగిన రోజున ఆఫీసరుగారికి తల ఎత్తుకోవడం కష్టమైంది. కనెక్షన్ ఆ కళ్ళు రెంటినీ ఊడదీసి, ఎదురెదురుగా పెట్టి, రబ్బరు బ్యాండు వేసి, చెప్పుల అలమరలో దాచేశాడు. అక్కడ వాటి మధ్యకి ఎవరూ రారు. అవి రాత్రింబవళ్ళు ఒకదాన్నొకటి చూసుకుంటూ, లోకంలో అంతా క్షేమమేనని గేటుకు చెబుతుండేవి.

ఇక కరెంటు పోయినప్పుడు చేత్తో గేటు తీసుకోవడానికి ఒక చిన్న తాళంచెవి ఇచ్చారు. ఇది పోతే మళ్ళీ దొరకదని కంపెనీవాడు నొక్కి చెప్పాడు. కనుక ఆఫీసరుగారు దాన్ని భార్య నగలతో పాటు బ్యాంకు లాకరులో పెట్టించారు. కరెంటు పోయిన రోజు కారు లోపలే ఉండిపోయింది. గోడ దూకి ఆఫీసుకు పోవాల్సి వచ్చింది. బ్యాంకు తెరిచే వేళకు కరెంటు వచ్చేసింది. లాకరు ఎంత భద్రమైనదో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

కొద్దిరోజులు అంతా వైభవంగా నడిచింది. తర్వాత అత్తగారు ఒక పొద్దున లోపలికొచ్చి, అరచెయ్యి చూసుకుంటూ, "అల్లుడుగారూ, గేటు చిమచిమలాడుతోందండీ," అంది.

ఆఫీసరుగారు పేపరు దించలేదు. "మీకు షుగరుంది కదండీ అత్తయ్యగారూ. చేతులు తిమ్మిరెక్కడం సహజం."

"తిమ్మిరి నాకు తెలీదా బాబూ? ఇది లోపల్నించి వచ్చేది కాదు. అవతల్నించి వస్తోంది."

అత్తగారిని డాక్టరుకు చూపించారు. నరాలకు మాత్రలు రాశాడు. ఆవిడ బుద్ధిగా వేసుకుంది. గేటు చిమచిమలాడటం తగ్గలేదు. తర్వాత భార్యకు చిమచిమలాడింది. ఇది వంశపారంపర్యం అన్నారు ఆఫీసరుగారు. ఆపైన పాలవాడికీ, పేపరువాడికీ, కొరియరు మనిషికీ చిమచిమలాడింది. ఇంతమందికి షుగరుందని తెలిసి ఆఫీసరుగారు ప్రజారోగ్యం గురించి బాధపడ్డారు.

"ఏమండీ, వానలు మొదలయ్యేలోపు ఆ లైను సరిగ్గా వేయించండి," అంది భార్య. "అమ్మ రోజూ పొద్దున్నే ఆ గేటు పక్కనే, వట్టి కాళ్ళతో, మొక్కల్లో చేతులు పెట్టుకుని కూర్చుంటుంది. తడి మీద పట్టుకుంటే మనిషి దక్కదు. మీ పుస్తకంలోనే రాశారుగా."

"పుస్తకం కూడా చదువుతున్నావా?"

"గేటు ఇలా ఉంటే చదవనా?"

"వేయిస్తాలే. కానీ టైల్స్..."

వాటిని ఎంచింది ఆవిడే కదా. వసారా చివరిదాకా ఒకసారి చూసి, పెద్ద నిట్టూర్పు విడిచి లోపలికెళ్ళింది. ఆ పూటకు టైల్స్ గెలిచాయి.

అయితే ఆవిడ చేతులు కట్టుకుని కూర్చునే మనిషి కాదు. తనే నిబంధనలు చేసింది. గేటు బయట ఒక చెక్కపెట్టెలో అన్ని సైజుల్లో రబ్బరు చెప్పులు పెట్టింది. గేటు ఒంటికి తగలకుండా అడ్డుపెట్టుకోవడానికి ఒక ఎండు కర్ర వేలాడదీసింది. వచ్చేవాళ్ళు ముందు ఫోను చెయ్యాలి. లోపల ఎవరో ఒకరు రిమోట్ నొక్కి, "ఆఁ, రండి," అనాలి. అప్పుడు చెప్పులు మార్చుకుని, ఉంగరాలుంటే జేబులో వేసుకుని, కర్రను గేటుకీ తమకీ మధ్య అడ్డుపెట్టుకుని, పక్కవాడి భుజం మీద చెయ్యి వెయ్యకుండా ఒక్కొక్కరుగా రావాలి. తల్లికి మాత్రం ఒకటే నియమం. రబ్బరు చెప్పుల్లేకుండా మొక్కల దగ్గరికి పోకూడదు. "ఆ చెప్పులు జారతాయే, నడుం విరిగితే ఎవరు చేస్తారు?" అని ఆవిడ నాలుగడుగులేసి విప్పేసేది.

చుట్టాలు ఈ పద్ధతికి త్వరగానే అలవాటు పడ్డారు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు నేర్పారు. ఏ ఆఫీసులోనూ, ఏ కూడలిలోనూ నిబంధనలకు ఇంత గౌరవం దక్కగా ఎవరూ చూసి ఉండరు. వీధిలో కొందరు ఆ చిమచిమను దొంగలకోసం ప్రత్యేకంగా పెట్టించారనుకుని, ఆఫీసరుగారి తెలివిని మెచ్చుకుని, తమకూ అలాంటిదే కావాలని కనెక్షన్ వెంటపడ్డారు. ఆ రోజుల్లో అతనికి తీరుబడే లేదు.

ఇంతలో శుభవార్త వచ్చింది. పదవీ విరమణ చేయబోతున్న డైరెక్టరుగారు తన కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టాలా అని చూస్తూ, ఆఫీసరుగారి గేటును ఆదర్శ గేటుగా ప్రకటించాలని తలపోశారు. స్వయంగా ఇంటికి వచ్చి, గేటు దగ్గర ఫొటో దిగి, నాలుగు మాటలు మాట్లాడతారు.

"ఆయన వచ్చేలోపు వేయించెయ్యండి, పీడా పోతుంది," అంది భార్య.

"ఆయన వచ్చేలోపు వసారా తవ్వి పోస్తానా? మతుండే మాట్లాడుతున్నావా? ఆయన వెళ్ళాక వేయిస్తా."

డైరెక్టరుగారు వచ్చిన సాయంత్రం సన్నగా తుంపర పడుతోంది. ఆయనతో ఫొటోగ్రాఫరూ, గొడుగు పట్టే మనిషీ వచ్చారు. గేటు ముందు నిలబడి ఆయన గొంతు సవరించుకున్నారు.

"గేటు అనగా ఏమి? ఇంటికి కనురెప్ప. రెప్ప ఎలా పడుతుందో కంటికి తెలియదు, ఎలా లేస్తుందో తెలియదు. తెలియకుండా మనల్ని కాపాడేదే భద్రత. మన ఆఫీసరుగారు రాసిందే చేశారు, చేసిందే రాశారు. ఈ గేటును చూస్తే నాకు ఒక గేటు కనిపించడం లేదు. ఒక శాఖ కనిపిస్తోంది!"

చప్పట్లు మోగాయి. ఆ మాట మాత్రం అక్షరాలా నిజం.

"సార్, గేటు మీద చెయ్యేసి నిలబడండి సార్, ఫొటో బాగా వస్తుంది," అన్నాడు ఫొటోగ్రాఫరు.

డైరెక్టరుగారి చెయ్యి లేచింది. ఆఫీసరుగారి గొంతులోకి, 'ముట్టుకోకండి!' అన్న మాట వచ్చేసింది. భార్య ఆయన వంకే చూస్తోంది. అత్తగారూ చూస్తోంది. ఆ మాట అనేస్తే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే కుర్చీ పోతుంది. ఆఫీసరుగారు ఒక్కసారి గుటక వేశారు. మాట కిందికి పోయింది.

చెయ్యి గేటు మీద పడింది. డైరెక్టరుగారి కనుబొమలు పైకి లేచాయి. భుజం ఒక్కసారి ఎగిరిపడింది. బూట్లకు మందపాటి రబ్బరు అడుగు ఉండబట్టి అంతటితో పోయింది. ఫొటో మాత్రం చాలా ఉత్సాహంగా వచ్చింది. ఆయన మెల్లగా చెయ్యి తీసుకుని, జేబురుమాలుతో తుడుచుకుని, ఆఫీసరుగారి చెవి దగ్గరికి వంగారు.

"వాషింగ్ మిషనా?" అన్నారు.

"సార్..."

"మాది గీజరు లైను. ఇంతకంటే గట్టిగా కొడుతుంది," అన్నారు డైరెక్టరుగారు. అందులో కొంచెం గొప్ప కూడా ఉంది. "మా ఆవిడ గేటు గడియకి గుడ్డ చుట్టింది. మీ రబ్బరు చెప్పుల పెట్టె బావుందయ్యా. అన్నట్టు ఈ టైల్స్ ఎక్కడ కొన్నారు?"

ఆ సాయంత్రం లోపల కాఫీలు తాగుతూ పెద్దలిద్దరూ ఏయే ప్లగ్గు ఏయే గేటుకు ఓర్చుకోగలదో చాలాసేపు మాట్లాడుకున్నారు. కుర్చీ ఖాయమైంది. భార్య కప్పులు తీసుకెళ్తూ ఒక్క మాటా మిస్ కాకుండా విన్నది. ఆ రాత్రి గాలివాన వచ్చింది.

పొద్దున్నే అత్తగారు లేచి చూస్తే గులాబీ మొక్క ఒకటి గేటు పక్కన బురదలో పడి ఉంది. దాన్ని నిలబెట్టడానికి వట్టి కాళ్ళతో వెళ్ళి, మడి దగ్గర గొంతుక్కూర్చుని, మొక్క మొదట్లో మట్టి నొక్కింది. పని అయ్యాక మోకాళ్ళు లేవలేదు. ఆసరాకి చెయ్యి చాచింది. ఆసరాకి అక్కడ గేటే ఉంది.

ఆవిడ అరవలేదు. అరవడానికి వీలవ్వలేదు. వంటింటి కిటికీలోంచి కూతురు చూస్తే, తల్లి గేటును పట్టుకుని సగం లేచి, వదలకుండా వణుకుతోంది. కూతురి కేకకి ఆఫీసరుగారు లుంగీతో పరిగెత్తుకొచ్చారు. చేతికి దొరికింది రిమోట్. నొక్కారు. గేటు ఆజ్ఞ పాటించింది. అత్తగారిని పట్టుకునే పక్కకు జరగడం మొదలెట్టింది. మళ్ళీ నొక్కారు. వెనక్కి వచ్చింది, ఆవిడతో సహా. ప్రజలందరికీ అర్థమయ్యే భాషలో, అపాయం వచ్చినప్పుడు ముందు కరెంటు ఆపవలెను అని రాసిన చెయ్యి, రిమోట్ నొక్కుతూనే ఉంది.

ఆపింది భార్య. ప్లగ్గు మిషను వెనక ఉంది. మిషను గోడకు ఆనించి ఉంది. దానినిండా నీళ్ళూ బట్టలూ ఉన్నాయి. అంత బరువును ఆవిడ ఎలా లాగిందో ఆవిడకే తెలీదు. లాగి, సందులో చెయ్యి పెట్టి, ప్లగ్గు పీకేసింది. గేటు ఆగింది. అత్తగారు బురదలో పడింది.

బతికింది. చెయ్యి కాలింది, మణికట్టు విరిగింది. డాక్టరు ఈసారి నరాలకు మాత్రలు రాయలేదు. "ఇంకొంచెంసేపు పట్టుకుని ఉంటే..." అని ఆగిపోయి, ఆఫీసరుగారి ఉద్యోగం ఏమిటని మర్యాదగా అడిగాడు. ఆయన ప్రభుత్వోద్యోగం అని చెప్పారు.

సాయంత్రం ఆసుపత్రి నుంచి ఆఫీసరుగారు ఇంటికొచ్చేసరికి లోపల్నించి సుత్తి చప్పుడు వినిపించింది. భార్య వసారాలో బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. ఒక టైలు తర్వాత ఒకటి, మెయిన్ బోర్డు నుంచి గేటు వైపు, ఏటవాలుగా పగలగొట్టుకుంటూ వస్తోంది. కళ్ళలో నీళ్ళు. అవి తల్లి కోసమో టైల్స్ కోసమో అడిగే ధైర్యం ఆయనకు లేకపోయింది. పక్కన కనెక్షన్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అమ్మగారూ, నన్ను కొట్టనివ్వండమ్మా."

"నువ్వు ముట్టుకుంటే నీ తల మీద పడుతుంది సుత్తి," అంది ఆవిడ. "ఆయన పుస్తకం తెచ్చుకుని, చదివి, అందులో ఉన్నది ఉన్నట్టు వెయ్యి. ఒక్క మాట దాటావా, ఆ గేటుకి నిన్నే కట్టేస్తా."

"ఆ పుస్తకం ఎక్కడ దొరుకుద్దమ్మా?"

ఆఫీసరుగారు లోపలికెళ్ళి ఒక ప్రతి తెచ్చి ఇచ్చారు. అలవాటు కొద్దీ మొదటి పేజీ మీద సంతకం కూడా పెట్టారు.

లైను నేల కిందికి వెళ్ళింది. ఎర్త్ పడింది. బ్రేకరు తన ఉద్యోగంలో తిరిగి చేరింది. సెన్సరు కళ్ళు చెప్పుల అలమర వదిలి స్తంభాలెక్కాయి. ఇప్పుడు ఆ గేటు పిల్లికి కూడా ఆగుతుంది. వసారా మధ్య నుంచి మాత్రం, ఎంత వెతికినా జత దొరకక వేసిన వేరే రంగు టైల్స్ వరసొకటి, ఏటవాలుగా, ఏడ్చిన ముఖం మీద చారలా ఉండిపోయింది.

సంగతి తెలిసి వీధి మొత్తం పరామర్శకు వచ్చింది. మంచి మనుషులు. పళ్ళు తెచ్చారు. అత్తగారు చేతికి కట్టుతో వసారాలోనే కుర్చీ వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళు గుమ్మం దాటగానే అక్కడికక్కడే ఆగిపోయి, బుగ్గన చెయ్యి పెట్టుకుని, "అయ్యయ్యో! అయ్యయ్యయ్యో!" అన్నారు. ఒకావిడకు కళ్ళలో నీళ్ళే తిరిగాయి.

"అసలెలా జరిగింది పిన్నిగారూ?"

"ఏం చెప్పనమ్మా. లేవలేక గేటు పట్టుకున్నాను. అంతే, చెయ్యి వదలదే..."

"అది కాదు పిన్నిగారూ. టైల్స్ ఎలా పగిలాయి?"

అత్తగారు ఆవిడ వంక చూసి, "నేను వాటి మీద పడ్డాను," అంది.

"అయ్యో, కాస్త చూసుకోవాల్సింది," అన్నారందరూ.

కాంట్రాక్టరు కూడా వచ్చాడు. ఆ చారను ఈ చివర నుంచి ఆ చివరికి చూసి, ఆఫీసరుగారిని పక్కకు పిలిచాడు.

"మా గేటూ వానొస్తే కాస్త గుంజుతోందండీ. మా ఆవిడ రోజూ ఒకటే గోల, లైను మార్పించమని. మావి పాలరాళ్ళు. మీకు తెలుసుగా. మీ ఆవిడలా తొందరపడి ఏ అఘాయిత్యమైనా చేస్తుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?"

ఆఫీసరుగారు, అంటే ఇప్పుడు డైరెక్టరుగారు, అత్తగారి కట్టు వంక చూశారు. వసారా వంక చూశారు. శాఖాపరంగా ఆలోచించారు. తర్వాత గేటు బయటున్న చెక్కపెట్టెను, కర్రతో సహా, కాంట్రాక్టరు ఇంటికి పంపించారు.

ఇది చదివి మీరు నవ్వుకుంటున్నారు. మంచిదే. కాకపోతే ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి ఉంటుంది. ఒక స్విచ్చో, ఒక కుళాయో, ఒక ఫ్రిజ్జు తలుపో. దాన్ని బాగుచేయించడం కష్టమని, "అది ముట్టుకోకు," అని ఇంట్లో అందరికీ నేర్పి ఊరుకున్నది. మీ ఇంట్లో అదేమిటో నేను చెప్పక్కర్లేదు. వచ్చిన చుట్టాలకు మంచినీళ్ళ కంటే ముందు మీరు చెప్పేది దాని గురించే.